వెనక సీట్లో మధ్య చోటు

కార్ల గురించి రాసేవాళ్ళందరూ ముందు సీట్లో కూర్చుని రాస్తారు. ఏ పత్రిక తిరగేసినా అదే వరస. ఇంజను ఎంత బలమైనది, నూరు కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుంది, మలుపుల్లో ఎంత నిలకడగా వుంటుంది అని రెండు పేజీలు రాసి, చివర్న దయతలిచి "వెనక సీటు ముగ్గురికి సౌకర్యంగా వుంటుంది" అని ఒక్క ముక్క పడేస్తారు. ఆ ముగ్గురూ ఎవరు? వాళ్ళలో మధ్య మనిషి ఎవరు? ఆవిడ ఎంతసేపు కూర్చుంది? ఆ వివరాలు మాత్రం వుండవు. హీరో గురించి నాలుగు పేజీలు రాసి, హీరోయిన్‌ని "అందమైనది" అన్న ఒక్క మాటతో సరిపెట్టే నవలా సమీక్షలాంటిది ఇది. నవలలు రాసుకునేదాన్ని కనక ఆ బాధ నాకు బాగా తెలుసు.

అందుకని ఇవాళ నేనే కార్ల సమీక్షకి పూనుకున్నాను. నవ్వకండి. ఇంజను సంగతి నాకు తెలిసింది తక్కువే గాని, సీటు సంగతి తెలుసు. మా పుట్టిల్లు ఉదయగిరి, అత్తవారిల్లు ఆత్మకూరు. ఈ రెండు ఊళ్ళ మధ్యా, ఇక్కణ్ణించి నెల్లూరికీ నేను చేసిన ప్రయాణాల్లో సగానికి పైగా వెనక సీటు మధ్య చోట్లోనే జరిగాయి. సీటు గురించి తీర్పు చెప్పడానికి ఇంతకంటే అర్హత ఏం కావాలి?

మన ఇళ్ళల్లో కారెక్కే పద్ధతిని ఎవరూ రాసిపెట్టలేదు గాని, అది శాసనంలాగే నడుస్తుంది. డ్రైవరు పక్కన ఇంటి పెద్దాయన. వెనక ఒక కిటికీ దగ్గర అత్తగారు, రెండో కిటికీ దగ్గర ఆడబిడ్డో, కారెక్కితే కడుపులో తిప్పే పిల్లో. మిగిలిన మధ్య చోటు కోడలిది. ఆవిడ ఒళ్ళో ఓ పిల్లాడు, కాళ్ళ దగ్గర టిఫిను క్యారియరు. "నువ్వు సన్నంగా వుండావు గదమ్మా, మధ్యలో సర్దుకో" అంటారు మావైపు. పదేళ్ళ తర్వాత ఆ కోడలు సన్నంగా వుండదు. చోటు మాత్రం అదే వుంటుంది.

ఉదయగిరి నించి నెల్లూరు వంద కిలోమీటర్లకి అటూ ఇటూగా వుంటుంది. పెద్ద డాక్టరుకి చూపించాలన్నా, పెళ్ళి బట్టలు తీయాలన్నా, పిల్లని కాలేజీలో దించాలన్నా అదే దారి. ఆత్మకూరు, సంగం, బుచ్చిరెడ్డిపాలెం దాటుకుంటూ వెళ్ళాలి. పది నిమిషాల ప్రయాణానికి ఏ సీటైనా సీటే. అదే రెండు మూడు గంటలైతే, నెలలు నిండిన ఆడపిల్ల నడుమూ డెబ్భై ఏళ్ళ ముసలమ్మ మోకాళ్ళూ సీటు గుట్టు బయటపెట్టేస్తాయి. అందుకే మా పడమటి ఊళ్ళవాళ్ళకి సీటు సుఖం అనేది విలాసం కిందికి రాదు. ఒళ్ళు హూనం కాకుండా ఆసుపత్రి చేరడం అన్నమాట.

ముందు పాత కాపు అంబాసిడర్ సంగతి చూద్దాం. బ్రిటిష్‌వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే దీనికి మూలం. హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ కలకత్తా దగ్గర 1950లలోనే దీన్ని చేయడం మొదలుపెట్టి, 2014లో ఆపేసింది. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు, వెడల్పు 1.65 మీటర్ల పైచిలుకు. ఇవాళ్టి లెక్కలో మరీ పెద్ద కారేం కాదు. కాని లోపల కూర్చున్నవాళ్ళకి పెద్దదిగానే వుండేది. కారణం, వెనక సీటుని వాళ్ళు మంచంలాగా చేశారు. ఈ చివర నించి ఆ చివర దాకా ఒకే పరుపు. మంచానికి ఏ చోటైనా ఒకటే గదా! సీటు ఎత్తు కూడా మన ఇంట్లో కుర్చీ ఎత్తుకి దగ్గరగా వుండేది. ముసలివాళ్ళు వీపు తిప్పి కూర్చుని, ఒక్కొక్క కాలే లోపలికి పెట్టుకునేవాళ్ళు. పైకప్పు ఎత్తు కనక కొప్పులో పూలు నలిగేవి కావు. పాత అంబాసిడర్లకి గేరు స్టీరింగు దగ్గరే వుండేది, ముందు సీటు కూడా బెంచీయే. కనక ముందే ముగ్గురు కూర్చునేవాళ్ళు.

అయితే దానికీ ఓ దోషముంది. నేలమీద నిడుపుగా ఓ గట్టు. పొలం గట్టులాగే అనుకోండి. ఇంజనేమో ముందు, అది తిప్పాల్సిన చక్రాలేమో వెనక. ఆ తిప్పుడు వెనక్కి అందాలంటే కారు కింద పొడుగాటి కడ్డీ ఒకటి తిరగాలి. దానికి చోటివ్వడానికి నేలని మధ్యలో పైకి లేపుతారు. పాంటు వేసుకున్నవాడు గట్టుకి అటో కాలు, ఇటో కాలు వేసి కూర్చుంటాడు. చీర కట్టుకున్న మనిషి అట్లా కూర్చోగలదా? రెండు కాళ్ళూ ఒక పక్కకే పెట్టి, నడుం మెలితిప్పి కూర్చుంటుంది. నెల్లూరులో దిగి "ఏందో, నడుం పట్టేసిందమ్మా" అంటే, అందరూ ఆవిడ వయసు మీదికి నెట్టేస్తారు. గట్టుని ఎవరూ అనరు.

బొంబాయిలో తయారై, 1970లలో పద్మిని అన్న పేరుకి మారిన ఫియట్‌కీ ఇదే గట్టు. పైగా అంబాసిడర్ కంటే సన్నం. భార్యాభర్తా ఇద్దరు పిల్లలూ అనుకుని చేసిన కారు. అత్తామామలకి కొలత తీసుకోలేదు. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్ కారుకి మొదట్లో రెండే తలుపులు. వెనక్కి వెళ్ళాలంటే ముందు సీటుని వంచి, దాని సందులోంచి దూరాలి. తర్వాత నాలుగు తలుపులు పెట్టారనుకోండి. ఆ రెండు తలుపుల నమూనా గీసినాయన ఇంట్లో పట్టుచీర కట్టుకుని కారెక్కే ఆడవాళ్ళు లేరని మాత్రం రూఢిగా చెప్పొచ్చు.

ఈ సొంత కార్ల చరిత్ర అంతా ఎంతమందిదిలెండి! మా ఊళ్ళల్లో ఎక్కువమంది తిరిగింది జీపుల్లోనూ, ట్రాక్సుల్లోనూ. వాటి వెనక భాగంలో ఎదురెదురుగా రెండు బల్లలు. 1994లో వచ్చిన టాటా సుమోలో కూడా వెనక అట్లాంటి అడ్డసీట్లే వుండేవి. వాటితో కలిపి పదిమంది పట్టే బండి అది. అడ్డంగా కూర్చున్న మనిషికి వీపు ఆనుకునే ఆసరా ఒక పక్కన, బండి కుదుపు ఇంకో పక్కన. బ్రేకు వేస్తే బరువంతా భుజం మీద పడుతుంది. పట్టుకుందామంటే పైన కడ్డీ, అది పొట్టివాళ్ళకి అందదు. అయినా ఒక్క సుగుణం చెప్పక తప్పదు. అడ్డసీట్లలో మధ్య చోటు, కిటికీ చోటు అన్న తేడా లేదు. కష్టం అందరికీ సమానమే. ఎదురెదురు మొహాలు కనక కబుర్లకీ లోటు వుండదు.

1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి తాళంచెవి అందుకున్న మారుతి 800 దగ్గర కథ మలుపు తిరిగింది. ఆ మలుపుకి బీజం 1959లోనే ఇంగ్లండులో పడింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు మినీ అనే పదడుగుల కారు చేశాడు. ఇంజన్ని నిలువుగా కాక అడ్డంగా పెట్టి, ముందు చక్రాలనే తిప్పించాడు. వెనక్కి కడ్డీ పోవాల్సిన పని లేకపోయింది. ఇంజను జాగా తగ్గి, కారు నేలలో ఎక్కువ భాగం మనుషులకే మిగిలింది. మారుతి 800ది కూడా అదే పద్ధతి. గట్టు అణిగిపోయింది. ఇరవై ఐదేళ్ళు మనం మోసిన మెలిక ఒక్క దెబ్బకి వదిలింది.

కాని గట్టు పోయినా భుజాల ఇరుకు వచ్చిపడింది. మొదటి మారుతి వెడల్పు 1.4 మీటర్లు. 1986లో రూపం మార్చాక 1.44. అది బయటి కొలత. రెండు పక్కలా తలుపుల మందం తీసేస్తే మిగిలేది ముగ్గురు పెద్దవాళ్ళ భుజాలకి బొటాబొటి. మనిషి భుజాల కొలత 40 సెంటీమీటర్ల పైమాటే గదా, మీరే కూడుకోండి. అందుకే ఆ కార్లో మధ్య మనిషి ముందుకి జరిగి, సీటు అంచున కూర్చుంటుంది. ఆవిడ వీపు సీటుకి తగలదు. ఆవిడ లెక్కలో వెనక సీటంటే స్టూలు. సీటు కిందికి కనక దిగేటప్పుడు మోకాళ్ళు పట్టుకుని "అమ్మా" అనాల్సిందే. అయినా ఆ కారు మీద నాకు కోపం లేదు. సైకిలు, స్కూటరు దాటి ముందుకి పోలేని ఇళ్ళకి ఎండా వానా తగలకుండా ప్రయాణం చేయడం నేర్పింది. చిన్న కారు చిన్నదిగా వుండడం తప్పు కాదు. పెద్ద కారు లోపల చిన్నదిగా వుండడం తప్పు. ఆ సంగతికి వస్తాను.

అంతకుముందు మారుతి వ్యాను. 1984లో వచ్చి, ఓమ్నీ అన్న పేరుతో స్థిరపడి, 2019లో నిలిచిపోయింది. దాని తలుపు పక్కకి జరుగుతుంది. ఆ ఒక్క ఏర్పాటుకి దండం పెట్టాలి. గంజి పెట్టిన వెంకటగిరి చీర కుచ్చిళ్ళు చెదరకుండా ఎక్కి దిగగలిగిన బండి అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. నేల చదును, పైకప్పు ఎత్తు. ఇంజను మాత్రం ముందు సీట్ల కింద వుంటుంది. ఆ వేడంతా ముందు కూర్చున్న పెద్దాయనకే. కోడళ్ళ ఉసురేమో! అయితే దాని మొహం బల్లపరుపు. గుద్దుకుంటే ముందున్నవాళ్ళకి అడ్డంగా వుండేది పల్చటి రేకే. సుఖం ఒక్కటే చూసి మెచ్చుకుంటే సమీక్ష సగమే అవుతుంది కనక ఇదీ చెప్పాలి.

తర్వాత ఎత్తు కార్లు వచ్చాయి. 1998లో శాంట్రో, మరుసటేడు చివర్లో వ్యాగన్ఆర్. పొడవులో దొరకని చోటుని ఎత్తులో వెతికారు. మనిషిని నిటారుగా కూర్చోబెడితే కాళ్ళు ముందుకి చాపాల్సిన అవసరం తగ్గుతుంది. తక్కువ పొడవులోనే ఎక్కువమంది పడతారు. వంగి దూరనక్కర్లేదు, ఎక్కనూ అక్కర్లేదు. తుంటి ఎత్తులోనే సీటు. మోకాళ్ళ నొప్పులున్న మా ఆత్మకూరు పెద్దమ్మలందరూ ఎత్తు కార్లనే మెచ్చుకుంటారు. "అరుగు మీద కూసున్నట్టుండాది" అని మా పక్కింటి అవ్వ అన్న మాటకి మించిన ప్రకటన ఏ కంపెనీవాళ్ళూ రాయలేదు. టాటా వాళ్ళ నానో కూడా 2009లో ఇదే సూత్రం మీద వచ్చింది. ఇంజన్ని వెనక్కి తోసి, మారుతి 800 కంటే బయట 8 శాతం పొట్టి అయినా లోపల 21 శాతం ఎక్కువ జాగా అని చెప్పుకున్నారు. "పేదవాడి కారు" అన్న ముద్ర దాన్ని ముంచింది. 2018లో తయారీ ఆగిపోయింది. లోపల కూర్చున్నవాళ్ళని అడిగి ఎవరూ కారు కొనరు. బయట నిలబడి చూసే చుట్టాల కోసం కొంటారు.

ఆ చుట్టాల కోసమే ఇవాళ్టి ఎత్తుపాటి జీపు తరహా కార్లు. ఎస్‌యూవీలంటున్నారే, అవి. మా ఊళ్ళల్లో పెళ్ళి సంబంధానికి వచ్చేవాళ్ళు ఇప్పుడు వీటిల్లోనే దిగుతున్నారు. చూడ్డానికి ఏనుగులు. లోపలికెళ్ళి మధ్యలో కూర్చుంటే తెలుస్తుంది, పైన పటారం, లోన లొటారం. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లకి లోబడ్డ చిన్న కార్లకి సుంకం 24 శాతం నించి 16కి తగ్గించారు. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరులో మార్చిన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకి 18 శాతం, పెద్దవాటికి 40. కనక ఏనుగు రూపాన్ని నాలుగు మీటర్లలో ఇరికించాలి. పెద్ద మూతి, లావు తలుపులు, వెడల్పు చక్రాలు, వీటన్నిటికీ జాగా ఇచ్చాక మిగిలిందే మనకి.

పోనీ ఆ మిగిలిందైనా ముగ్గురికీ పంచారా? లేదు. వెనక సీటుని ఇద్దరికి అచ్చుపోసినట్టు గుంటలు చేస్తున్నారు. రెండు గుంటల మధ్య మిట్ట మూడో మనిషిది. వీపు వైపేమో మడతపెట్టిన చేతిపట్టె, చెక్కలాగా గట్టిగా. కాళ్ళ వైపేమో ముందు సీట్ల మధ్య నించి పొడుచుకొచ్చిన ఏసీ పెట్టె. అంబాసిడర్ గట్టుని తవ్వి పారేసి, దాని జాగాలో ముందొక దిమ్మె, వెనకొక దిమ్మె కట్టారన్నమాట. కరెంటు కార్లలో నేల చదునుగానే వుంటోంది గాని, బ్యాటరీ నేల కిందే పరుస్తారు కనక కొన్నిటిలో ఆ నేలే పైకి లేస్తుంది. మోకాళ్ళు గడ్డం వైపు వస్తాయి, తొడల కింద ఆసరా వుండదు. ఏడుగురు పట్టే బండ్లలో మధ్య వరసలో రెండు విడి కుర్చీలు వేయడం మరో ఫ్యాషను. మధ్య చోటు అనేదే లేదు, బాగుందే అనుకున్నాను. మరి కోడలు ఎక్కడికి పోయింది? మూడో వరసలోకి. అక్కడ మోకాళ్ళు రొమ్ముకి తగులుతాయి, అద్దం దిగదు.

ఇదంతా ఎవరైనా కక్షగట్టి చేశారని నేననను. ఎవరి కొలతలు తీసుకున్నారన్నదే అసలు ప్రశ్న. కార్లను గుద్దించి చూసే పరీక్షలకి ప్రపంచమంతా వాడుతూ వచ్చిన బొమ్మ 1976లో అమెరికాలో తయారైంది. 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు వున్న మగవాడి బొమ్మ. ఆడబొమ్మ అని తర్వాత వాడింది కూడా చాలావరకు ఆ మగబొమ్మని కుదించి చేసిందే. వెనకనించి బండి గుద్దినప్పుడు సగటు ఆడమనిషి మెడకీ వీపుకీ ఏమవుతుందో చూడ్డానికి, ఆడవాళ్ళ కొలతలతోనే ఓ బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే ఇంజనీరు బృందం చేసింది. ఆ బొమ్మ లోకానికి కనిపించింది 2022లో! ఆ బొమ్మకైనా కొప్పు లేదనుకోండి. తల ఆనుకునే దిండు మన కొప్పుని నెట్టి, తలని ముందుకి వంచేస్తుందన్న సంగతి ఇంకా ఎవరి పరీక్షలోనూ చేరినట్టు లేదు.

మా ఉదయగిరి చెక్క గరిటెలు మీలో చాలామంది చూసే వుంటారు. వాటిని చెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆ గరిటె పట్టుకుంటే కాడ చేతిలో ఇమిడిపోతుంది. వేలు ఆనాల్సిన చోట నునుపుగా వుంటుంది. చెక్కిన చెయ్యీ, వంటింట్లో తిప్పే చెయ్యీ ఒకలాంటివే కనక. పదిలక్షల కారుకి ఆపాటి మర్యాద దక్కకూడదా?

నడుం నొప్పితో పోయేదైతే ఇంత రాయకపోదును. భద్రత కూడా ఆ మధ్య చోట్లోనే తేలిపోతోంది. భుజం మీంచి నడుం దాకా వచ్చే బెల్టుని వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లోనే తయారుచేశాడు. మన కార్లలో కిటికీ పక్కవాళ్ళకి అది ఎప్పుడో వచ్చింది. మధ్య మనిషికి చాలా కార్లలో నడుంపట్టీ మాత్రమే వుండేది. మధ్య చోటుతో సహా ముందుకి తిరిగి వున్న సీట్లన్నిటికీ భుజం బెల్టు పెట్టాలని కేంద్రమంత్రి గడ్కరీ ప్రకటించింది 2022లో. అంటే అరవై మూడేళ్ళు పట్టింది, మధ్యలో కూర్చున్నది కూడా మనిషేనని గుర్తించడానికి. ఇక ఆవిడ ఒళ్ళో పిల్లాడున్నాడే, వాడికి ఏ బెల్టూ లేదు. తల్లి చేతులే బెల్టు అనుకుంటాం. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆపలేవు. పిల్లల సీటు విడిగా కొని బిగించుకోవాలి. లక్షలు పోసి కారు కొనేవాళ్ళు దాని దగ్గరకొచ్చేసరికి "ఎందుకు దండగ" అంటారు.

అందుకని కారు కొనబోయే ఇల్లాళ్ళకి నాదొక మనవి. షోరూముకి మీరూ వెళ్ళండి. చుడీదార్‌లో కాదు, చీర కట్టుకుని వెళ్ళండి. అత్తగారినో అమ్మనో వెంట తీసుకెళ్ళండి. వెనక ముగ్గురు కూర్చోండి, మధ్య చోట్లో మీరు కూర్చోండి. పాదాలు రెండూ పక్కపక్కన నేలకి ఆనుతున్నాయా? వీపు ఆనుకుంటే చెక్క తగులుతోందా, పరుపు తగులుతోందా? సీటు అంచు మోకాలి వెనక కోసుకుంటోందా? మీకూ భుజం బెల్టు వుందా? పెద్దావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగగలుగుతోందా? అబ్బాయి ఏదో చెబుతూనే వుంటాడు, చెప్పనివ్వండి. పావుగంట అట్లాగే కూర్చోండి. మొదటి అయిదు నిమిషాలు సీట్లన్నీ మంచివే.

నన్నడిగితే, చిన్న సంసారానికి ఎత్తు చిన్నకారే మేలు. అయిదుగురు తప్పనిసరిగా తిరిగే ఇంటికి వెనక సీటు అంబాసిడర్‌లాగా మంచంలా పరిచి, నేల మారుతిలాగా చదును చేసి, తలుపు ఓమ్నీలాగా పక్కకి జరిగే బండి కావాలి. ఈ మూడు గుణాలూ మన దేశంలోనే విడివిడిగా అరవై ఏళ్ళుగా చూశాం. మధ్యతరగతి ధరలో మూడూ ఒక్కచోట చేరిన కారు మాత్రం నా కళ్ళ పడలేదు.

అది వచ్చేదాకా ఒక ఉపాయం వుంది. ఈసారి నెల్లూరు నించి వచ్చేటప్పుడు ఇంటి పెద్దాయన్ని వెనక మధ్యలో కూర్చోబెట్టండి. ఉదయగిరి దాకా అక్కర్లేదు, ఆత్మకూరు దాకా చాలు. దిగాక ఆయన చెప్పే సమీక్షే అచ్చువేయించదగ్గది.